బడి గేటు నుంచి యాభై మీటర్లు: పిల్లల ఊబకాయం, ప్రభుత్వ బాధ్యత

మధ్యాహ్న విరామంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గేటు దగ్గర నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. డెబ్బై అడుగులకు యాభై మీటర్లు పూర్తయ్యాయి. ఆ కాస్త దూరంలోనే రెండు కిరాణా కొట్లు, ఒక బడ్డీకొట్టు ఉన్నాయి. కొట్ల ముందు చిప్స్ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. ఒక్కోటి అయిదు రూపాయలు. కింద ఐసు డబ్బాలో పది రూపాయల మామిడి డ్రింకులు. ఆరో తరగతి చదివే వయసున్న పిల్లవాడొకడు లోపల అన్నం తిని, పళ్లెం కడిగి పెట్టి, తడి చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ వచ్చి ఒక ప్యాకెట్ తెంపుకున్నాడు. కొట్టాయనతో మాట కలిపితే, "పిల్లలు ఏది అడిగితే అదే తెస్తామండీ" అన్నాడు. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ప్యాకెట్‌ను అక్కడ అమ్మకూడదని దేశంలో ఒక నిబంధన ఉంది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 సెప్టెంబరులో బడి పిల్లల ఆహారం మీద నిబంధనలు ప్రకటించింది. అవి 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలో గాని, గేటు నుంచి యాభై మీటర్ల లోపు గాని అమ్మకూడదు, వాటికి ప్రచారం చేయకూడదు. దీని వెనుక 2010లో ఢిల్లీ హైకోర్టులో ఉదయ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఉంది. అంటే కోర్టు మెట్లెక్కినప్పటి నుంచి నిబంధన అమల్లోకి వచ్చేదాకా పదకొండేళ్లు పట్టింది. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఇంటర్ దాకా వచ్చేసే కాలం అది.

అంతకాలం పట్టి వచ్చిన నిబంధనలోనూ అసలు చోట ఖాళీ మిగిలిపోయింది. "అధికంగా" అంటే వంద గ్రాములకు ఎన్ని గ్రాములు? ఆ అంకె అందులో లేదు. అంకె లేనప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి ఏ ప్యాకెట్‌ను పక్కన పెట్టమంటాడు? బడుల చుట్టూ వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. అక్కడ అమలు లోపం ఉండొచ్చు గాని, బీడీ ఏదో బిస్కట్ ఏదో అన్న సందేహం ఎవరికీ రాదు. ఆహారం విషయంలో గీత గీయవలసింది ప్రభుత్వమే. ఆ పని కొట్టాయన మీదా, ప్రధానోపాధ్యాయుడి మీదా వదిలేస్తే నిబంధన కాగితం దాటి బయటికి రాదు.

పిల్లల ఊబకాయం మాట వచ్చినప్పుడల్లా మనం తల్లి వైపే చూస్తాం. గారాబం చేసిందంటాం, వేలికి ఫోన్ తగిలించిందంటాం. బొద్దుగా ఉన్న బిడ్డను చూసి మురిసిపోయి దిష్టి తీసే ఇళ్లు మనవి. పుష్టికీ ఊబకాయానికీ తేడా గుర్తించడం మనకింకా కొత్త. అయితే 2022 నాటికి ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల వయసువారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారనీ, వారిలో 16 కోట్ల మందిది ఊబకాయమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇన్ని దేశాల్లో ఇన్ని కోట్ల తల్లులు ఒకే తరంలో ఒకేసారి అజాగ్రత్తపరులైపోయారంటే నేను నమ్మను. మారింది పిల్లల చుట్టూ ఉన్న అంగడి. పిల్లల చేతికి ఏది చవకగా, ఏది దగ్గరగా, ఏ బొమ్మతో, ఏ పేరుతో అందుతుందన్నది ఇంటి గడప అవతలే తేలిపోతోంది. ధర మీద, దూరం మీద, పేరు మీద అధికారం ప్రభుత్వానికే ఉంది.

ముందు ధర చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీలో చక్కెర కలిపిన గ్యాసు డ్రింకుల మీద పన్ను 40 శాతం. వినడానికి బాగుంది. కానీ చక్కెర లేకుండా తీపి రసాయనాలతో చేసిన గ్యాసు డ్రింకు మీదా అదే 40 శాతం. గ్యాసు లేని మామిడి డ్రింకు మీద మాత్రం 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిస్కట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు 18 నుంచి 5కి దిగాయి. కారప్పూస, మిక్చర్ లాంటి ప్యాకెట్ చిరుతిళ్లు 12 నుంచి 5కి వచ్చాయి. సామాన్యుడి మీద భారం తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ పన్ను నురగను చూస్తోంది, చక్కెరను చూడటం లేదు. ఒక శాఖ బడి గేటు దగ్గర వద్దన్న సరుకును మరో శాఖ అదే గేటు ముందు చవక చేసింది.

బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో తెచ్చిన పన్ను దారి వేరు. మొదట్లో వంద మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 పెన్నీలు ఉండేది. రెండేళ్ల ముందే ప్రకటించారు కనుక, పన్ను పడే నాటికి చాలా కంపెనీలు చక్కెర తగ్గించుకుని గీత కిందికి వచ్చేశాయి. ఖజానాకు ఎంత వచ్చిందన్నది అక్కడ రెండో సంగతి. బిడ్డ అదే సీసా తాగినా లోపలికి వెళ్లే చక్కెర తగ్గింది. మన దగ్గర కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం "కొవ్వు పన్ను" వేసింది. మరుసటి ఏడాది జీఎస్టీ రావడంతో అది కలిసిపోయింది. ఇప్పుడు ఏ రాష్ట్రమూ ఒంటరిగా ఆ పని చేయలేదు. నిర్ణయం జీఎస్టీ మండలిలోనే జరగాలి.

ఇక పేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు చేసిన పోరాటం ఇక్కడ చెప్పుకోవాలి. విరేచనాలైన బిడ్డకు పట్టే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. అందుకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న డ్రింకులు, పెట్టె మీద ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలతో మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో, ఇది ఓఆర్‌ఎస్ కాదని ఒక వాక్యం రాస్తే వాడుకోవచ్చని సడలించింది. 2025 అక్టోబరులో ఆ సడలింపునూ రద్దు చేసింది. మూడేళ్ల పైచిలుకు కాలం, జబ్బుపడ్డ బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి పెట్టె మీది పెద్ద అక్షరాలు చదవాలా, చిన్న అక్షరాలు చదవాలా అన్నది ఆమెకే వదిలేశారు. ఒక్క వైద్యురాలు పట్టు వదలకపోవడం వల్ల ఇది ఆగింది. ప్రభుత్వం తనంత తానుగా చేయవలసిన పనికి ఒక మనిషి ఎనిమిదేళ్లు వెచ్చించవలసి రావడం నన్ను బాధపెడుతోంది.

చిలీ దేశం 2016 జూన్‌లో ఈ అక్షరాల తగవును ఇంకోలా తేల్చింది. చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు గీత దాటితే ప్యాకెట్ ముందు నల్లని అష్టభుజి ముద్ర పడాలి. ఆ ముద్ర పడినదాని మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు ఉండకూడదు. బడిలో అమ్మకూడదు. మూడు పనులకూ ఒకే గీత, అంకెలతో సహా. చట్టం వచ్చాక తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు 24 శాతం తగ్గాయి. దాంతోనే అక్కడి పిల్లల ఊబకాయం మాయమైపోలేదని కూడా ఒప్పుకోవాలి. మన ఆహార భద్రత సంస్థ 2022లో నక్షత్రాల పద్ధతి ప్రతిపాదించింది, అర నక్షత్రం నుంచి అయిదు దాకా. నా అభ్యంతరం సూటిగా చెబుతాను. నక్షత్రం మెప్పుకు గుర్తు. చక్కెర నిండిన బిస్కట్‌కు రెండు నక్షత్రాలు వేస్తే, అయిదో తరగతి పిల్ల దాన్ని హెచ్చరిక అనుకోదు.

వద్దనడంతోనే ప్రభుత్వం పని తీరదు. అది పెట్టే చెయ్యి కూడా. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆపై తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ప్రమాణం. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ భోజనంలో గుడ్డు, పల్లీ చిక్కీ, రాగిజావ చేరాయి. ఈ పళ్లెం ఆకలి తీర్చడానికే పుట్టింది. రేపు ఊబకాయాన్ని ఆపేదీ ఇదే కావచ్చు. గుడ్డు, పప్పు తిని కడుపు నిండిన బిడ్డకు అయిదు రూపాయల ప్యాకెట్ మీద యావ తగ్గుతుంది. అందుకే కూరగాయల ధర పెరిగినప్పుడల్లా చారు పలచనయ్యే బడుల్లో వంట ఖర్చు పెంచడం కూడా ఊబకాయ నివారణ కిందికే వస్తుందని నా వాదన. ఆటస్థలం సంగతి చెప్పనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో అది తప్పనిసరి. అయినా ఆటస్థలం లేకుండా అపార్టుమెంట్లలో నడిచే బళ్లు మన నగరాల్లో వీధికొకటి. ఉన్నచోట కూడా ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు.

చివరికి లెక్క దగ్గరికి రావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదేళ్ల లోపు పిల్లల్ని తూస్తుంది. వారిలో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. మళ్లీ పదిహేనేళ్లు నిండినవారిని తూస్తుంది. మధ్యలో ఉన్న బడి ఈడు బిడ్డలు ఆ సర్వేకు కనబడరు. వాళ్లను చూసిన సమగ్ర జాతీయ పోషణ సర్వే 2016-18 నాటిది. అందులో 10 నుంచి 19 ఏళ్లవారిలో 24 శాతం బక్కపలచగా, 5 శాతం అధిక బరువుతో తేలారు. అయినా ప్రతి పదిమందిలో ఒకరి రక్తంలో మధుమేహపు ముందు దశ కనిపించింది. సన్నగా కనబడే ఒంట్లోనూ కొవ్వు దాగి ఉంటుందని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం నవజాత శిశువుల్లోనే చూపించింది. కాబట్టి కంటికి లావుగా కనబడినవాళ్లనే లెక్కపెడితే చాలదు.

అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూసి ఎదుగుదల చార్టు నింపుతారు. బిడ్డ ఒకటో తరగతికి వెళ్లగానే ఆ చార్టు అక్కడే ఆగిపోతుంది. ఇంగ్లండ్ 2005-06 నుంచి ఏటా బడిలో చేరే ఏడాదీ, ఆరో ఏడాదీ పిల్లల ఎత్తు, బరువు కొలుస్తోంది. మనకు కావలసింది ఒక తూకం యంత్రం, గోడకు ఒక కొలబద్ద, ఏడాదికి రెండు రోజులు, ఆ చార్టును పదో తరగతి దాకా కొనసాగించే ఒక ఉత్తర్వు. ఒక్క షరతు మాత్రం ఉత్తర్వులోనే రాయాలి. అంకెను తరగతిలో పైకి చదవకూడదు. మూసిన కవరులో అమ్మానాన్నల చేతికే అందాలి.