తూటా పట్టే గొట్టం

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఈ మధ్య పిస్టల్ షూటింగ్ పోటీల్లో పడ్డాడు. వాడిది పెద్దమండ్యం. ఓపెన్ డివిజన్‌లో దిగాలని వాడి ఆశ. మొదటి పిస్టల్ 9 ఎంఎంలో తీసుకోవాలా, .38 సూపర్‌లో తీసుకోవాలా అని నెలలపాటు నన్ను చంపుకుతిన్నాడు. నాకు తుపాకుల సంగతి అప్పటికి ఏమీ తెలీదు. కానీ వాడి మెసేజ్‌లు చదువుతుంటే వేరే ప్రశ్న ఒకటి పట్టుకుంది. వీడు వీసా రాక పెద్దమండ్యంలోనే ఉండిపోయి ఉంటే, ఇదే ఆట మీద ఇదే మోజు పుట్టి ఉంటే, ఏ పిస్టల్ కొనేవాడు?

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. 1976లో అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రం కొలంబియాలో జెఫ్ కూపర్ అనే మాజీ సైనికాధికారి, మరికొందరు కలిసి ఐపీఎస్‌సీ అనే సంస్థ పెట్టారు. నిలబడి ఒకే గురి చూసి కాల్చే ఒలింపిక్ పద్ధతి కాదిది. పరిగెత్తాలి, వంగాలి, అడ్డుగోడల సందుల్లోంచి కాల్చాలి. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. ఇందులో ఓపెన్ అంటే దాదాపు ఏదైనా ఒప్పుకునే విభాగం. పిస్టల్ మీద రెడ్ డాట్ పెట్టుకోవచ్చు. గొట్టం చివర కాంపెన్సేటర్ బిగించుకోవచ్చు. పేలిన వాయువుని అది పైకి చిమ్మి, ఎగరబోయే మూతిని కిందికి తొక్కిపెడుతుంది. మ్యాగజైన్ 170 మిల్లీమీటర్ల పొడవుదాకా ఉండొచ్చు.

తూటా బలానికి కూడా ఒక లెక్క ఉంది. బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని హెచ్చవేసి వెయ్యితో భాగిస్తారు. ఓపెన్‌లో 160 వస్తే మేజర్, 125 వస్తే మైనర్. 124 గ్రెయిన్ల తూటా సెకనుకి 1300 అడుగులు పోతే 161, గట్టెక్కినట్టే. మేజర్‌కి లాభమేంటంటే, గుండు కొంచెం పక్కకి తగిలినా పాయింట్లు తక్కువ కోస్తారు. 1929లో కోల్ట్ కంపెనీ తెచ్చిన .38 సూపర్ తూటా ఎవరికీ పట్టకుండా మూలపడి ఉంటే, 1980లలో ఈ లెక్క కోసమే పోటీగాళ్ళు దాన్ని మళ్ళీ బయటికి లాగారు. మావాడి తికమక అంతా ఈ లెక్క చుట్టూనే.

ఇప్పుడు పెద్దమండ్యం. మన 2016 ఆయుధ నిబంధనల్లో మామూలు మనిషికి నిషేధించిన తుపాకుల జాబితా ఉంది. అందులో పిస్టళ్ళ గురించిన వాక్యం నన్ను ఆపేసింది. అది ఏ కంపెనీ పేరూ చెప్పదు, ఎన్ని గుండ్లు పడతాయో అడగదు. సర్కారీ 9 ఎంఎం తూటా, .45 తూటా, మరో రెండు రకాల తూటాలు ఏ గొట్టంలో పట్టి పేలతాయో ఆ పిస్టల్ నిషిద్ధం అంటుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే చట్టం పట్టించుకున్నది యంత్రాన్ని కాదు, దాని ఇన్‌పుట్‌ని. పటాలం తినే తిండి తినగలిగే ఏ నోరూ మనకుండకూడదు.

మరి మనకి మిగిలేది? ముఖ్యంగా .32. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు జనానికి అమ్మే రివాల్వర్ల బోరు అదే. 98 గ్రెయిన్ల .32 తూటా సెకనుకి 700 అడుగులు పోతుందనుకుంటే లెక్క 68 దగ్గర ఆగిపోతుంది. మైనర్‌లో సగం పైచిల్లర, అంతే. అసలు ఓపెన్‌లో 9 ఎంఎం కన్నా సన్నటి తూటాని గీత దాటనివ్వరు. ఆట మొదలయ్యే కొలత దగ్గరే చట్టం తలుపేసింది. .38 సూపర్ పేరు ఆ నిషేధ వాక్యంలో లేదు నిజమే. కానీ విదేశాల నుంచి తెప్పించుకునే సౌకర్యం పేరున్న షూటర్లకే. పేరు రావాలంటే జాతీయ పోటీల్లో స్కోరు చూపించాలి. మొదటి పిస్టల్ కొనేవాడికి పేరెక్కడిది?

ఈ తిండి లెక్క ఎక్కడ మొదలైందో వెతికితే మా వైపు నేల మీదికే వచ్చింది. పెద్దమండ్యానికి ఎంతో దూరం లేని గుర్రంకొండ కోట హైదర్, టిప్పుల చేతిలో ఉండేది. 1791లో నిజాం, కంపెనీ సేనలు కలిసి దాన్ని ముట్టడించాయి. 1800లో ఈ సీమంతా కంపెనీకి దత్తమయ్యాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకి సుమారు 80 మంది పాలెగాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళ బలం కోటల్లో కన్నా కట్టుబడి బంట్రోతుల చేతుల్లోని తుపాకుల్లో ఉండేది. మన్రో కొందరిని తరిమాడు, కొందరికి పింఛన్లిచ్చాడు. బంట్రోతుల్ని పొలాలకో, ఊరికాపలాకో మళ్ళించాడు. అప్పటికింకా లెక్క మనుషులది: ఎవడి దగ్గర ఎన్ని తుపాకులు.

1857 తర్వాత లెక్క మారింది. 1860లో ఒక ఆయుధ చట్టం, 1878లో లిట్టన్ హయాంలో ఇంకా గట్టిది వచ్చాయి. తెల్లవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, మనకి కావాలి. కానీ అసలు భయం లైసెన్సులతో తీరేది కాదు. సిపాయిల తిరుగుబాటు నేర్పిన పాఠం ఏమిటంటే, ప్రభుత్వం తుపాకీ ప్రభుత్వం మీదికే తిరగొచ్చు, దానికి తూటాలు అందితే చాలు. 1905-07 ప్రాంతంలో .450 బోరు రైఫిళ్ళు ఇండియాలోకి రాకుండా ఆపేశారు. వేటగాళ్ళ తూటాలు తిరుగుబాటుదారుల దగ్గరున్న పాత మార్టినీ-హెన్రీలకి పనికొస్తాయని. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు ఏనుగుల వేటకి .470, .465 లాంటి కొత్త బోర్లు పుట్టించాయి. అవి ఇప్పటికీ ఆఫ్రికా వేటగాళ్ళకి ముద్దు. ఆ వింత అంకెల వెనక మన వాళ్ళంటే దొరలకున్న భయం ఉంది.

ఇంకో అడుగు ముందుకేసి, .303 రైఫిల్‌ని పోలీసులకి ఇవ్వాల్సి వచ్చినప్పుడు దాని గొట్టాన్ని తొలిచి నున్నగా చేసి, ఒక్కో గుండే పట్టేలా .410 మస్కెట్‌గా మార్చారు. పోలీసు చేతిలోంచి లాక్కున్నా సైన్యం తూటా అందులో పేలదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులతో పాటు తూటాలూ ఎత్తుకెళ్ళాడు. ఆ ఇంజనీర్ల భయం ఉత్తిది కాదని తేలింది.

నాకు చిరాకనిపించేది దీని తర్వాతి సంగతి. దొరలు వెళ్ళిపోయారు. 1959లో మన పార్లమెంటు కొత్త ఆయుధ చట్టం చేసింది, 2016లో నిబంధనలు తిరగరాశారు. .303, .410, .455 అలాగే ఉండిపోయాయి. పాత కోడ్ మీద కొత్త వెర్షన్ నంబరు వేసి విడుదల చేసే అలవాటు మా కంపెనీల్లోనే ఉందనుకున్నాను. అమెరికా లాగా వీధికో తుపాకీ దుకాణం కావాలని నేననను, వద్దే వద్దు. కానీ అపాయాన్ని కొలవాల్సిన గజం ఇదేనా? మా వైపు చెనక్కాయ చేలల్లో అడవిపందుల్ని తోలడానికి వాడే నాటు తుపాకి ఏ సర్కారు తూటానీ తినదు, తుపాకి మందు కూరి పేల్చేది. లైసెన్సు లేకుండా దొరికితే రైతు జైలుకే. కొడగులో మాత్రం కొడవలకి దొరల కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు నడుస్తోంది. కైల్ పోల్దు పండగకి తుపాకీకి పూజ చేసి, కొబ్బరికాయని గురిపెట్టి కాల్చే పోటీలు పెట్టుకుంటారు.

ఇలాంటి చట్టం మనకొక్కరికే ఉందనుకోకండి. ఇటలీలో కూడా సైన్యం వాడే 9 ఎంఎం నిన్నమొన్నటిదాకా పౌరులకి కుదరదు. అక్కడి వాళ్ళు 19 మిల్లీమీటర్ల తూటా డొక్కుని 21కి సాగదీసిన రకాన్ని పట్టుకున్నారు. అది సైనిక తూటా కాదు కాబట్టి చట్టం ఒప్పుకుంది. ఓపెన్ పోటీలకి పిస్టళ్ళు చేసే టాన్‌ఫోలియో కంపెనీ ఇటలీదే. రెండు మిల్లీమీటర్ల సందులోంచి ఒక పరిశ్రమ దూరిపోయింది. మన దగ్గర చాలాకాలం పిస్టళ్ళు చేసిందంతా దాదాపు సర్కారే, ఇషాపూర్‌లో చేసిన 9 ఎంఎం సైన్యానికీ పోలీసులకీ వెళ్ళింది. సందు వెతికే అవసరం ఎవరికీ రాలేదు.

కాబట్టి పెద్దమండ్యంలోనో మదనపల్లెలోనో ఉన్న పిల్ల ఇవాళ మొదటి పోటీ పిస్టల్ కొనాలంటే దొరికేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. .177 బోరు దాటకుండా, 20 జౌళ్ళ శక్తి మించకుండా ఉంటే ఆ లైసెన్సు గొడవ లేదు. 2018లో తిరువనంతపురం జాతీయ పోటీల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్ళకే మను భాకర్, హీనా సిద్ధూలని దాటి స్వర్ణం కొట్టింది దాంతోనే. తర్వాత ఆమె .22 పిస్టల్ పట్టి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల ఒత్తిడి తీసుకోవాలి, పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. మంచి రకం కావాలంటే లక్ష పైమాటే. పరిగెత్తడం, వంగడం ఇందులో ఉండవు. కదలకుండా నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్కో గుండూ కాల్చాలి.