పండుగ పూట లెక్క

పండుగ వస్తోందంటే ఇంట్లో మొట్టమొదట మొదలయ్యేది పూజ కాదు, లెక్క. బెల్లమెంత, బేడలెన్ని, ఎంతమందికి ఎన్ని ఓళిగలు, ఆడబిడ్డకు పెట్టే చీరకు ఎంత తియ్యాలి - ఇదంతా గణితమే గదా! అయినా మన బిడ్డ పలక ముందు కూర్చుని "నాకు లెక్కలు రావమ్మా" అని ఏడిస్తే, బడి లెక్కా వంటింటి లెక్కా ఒకటేనని మనకు తట్టదు. పండుగను లెక్కలోకి తేవడం కొత్త సంగతేమీ కాదు. మన పెద్దలు ఎరిగినదే.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన "లీలావతి"లో ఒక పూజ లెక్క ఉంది. ఒక భక్తుడి దగ్గర కొన్ని తామరపూలున్నాయి. అందులో మూడోవంతు శివునికి, ఐదోవంతు విష్ణువుకు, ఆరోవంతు సూర్యునికి, నాలుగోవంతు అమ్మవారికి పెట్టాడు. మిగిలిన 6 పూలు గురువు పాదాల చెంత ఉంచాడు. మొత్తం పూలెన్ని? 120. సరిచూడండి: 40, 24, 20, 30 కలిపితే 114. పోగా మిగిలినవి ఆరే! అంతకు ముందే, తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు "గణితసార సంగ్రహం" రచించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను పద్యంగా పాడుకున్న జాతి మనది.

ఇక మన సీమ సంగతి. 1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను కుంఫిణీవారికి వదిలేశాడు. అవే దత్తమండలాలు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో, జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మన పొరుగున బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక చదవదగినది. ఐదేళ్ళ బిడ్డను వినాయకుని ముందు కూర్చోబెట్టి, వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించడం మొదలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ బడుల్లో భిన్నాలు పదుల చొప్పున కాక నాలుగుల చొప్పున దిగుతాయనీ, వాటిని బాగా కష్టపడి నేర్పిస్తారనీ, ఎక్కాలూ కొలతలూ పిల్లలు రోజుకు రెండుసార్లు వరసగా నిలబడి వల్లిస్తారనీ రాశాడు.

దసరా వస్తే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం తెలుగునాట ఆచారంగా ఉండేది. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. వచ్చిన పప్పుబెల్లాలను సమానంగా పంచడం కంటే మంచి భాగహారం లెక్క ఏముంటుంది చెప్పండి?

అయితే ఆ నివేదికలో మనసు కలుక్కుమనే అంకె ఒకటుంది. 533 బడుల్లో 6,641 మంది చదువుతుంటే, ఆడపిల్లలు 60 మందే! మరి మిగతా ఆడవాళ్ళకు లెక్క రాదనుకుందామా? నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. నవరాత్రి దీపానికి రాత్రికి 3 గిద్దల నూనె చొప్పున తొమ్మిది రాత్రులకు 27 గిద్దలు. అంటే మానికా తవ్వా మూడు గిద్దలు. కాలులో కాలు వీసమని, రూపాయిలో వీసం అణా అని పలక పట్టని అవ్వలకూ తెలుసు. బడిలో అయ్యవారు నేర్పిన నాలుగుల భిన్నమే వంటింట్లో మానికై కూర్చుంది.

ఆ విద్య మీద దెబ్బ పడింది 1957 ఏప్రిల్ 1న. ఆ రోజు నుంచి రూపాయికి నూరు నయాపైసలు. అణాకు ఆరేకాలు రావాలి, కాలు నాణెం లేదు గనుక 6 లెక్కగట్టారు. అణా వస్తువు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24, ఒకేసారి పావలాకు కొంటే 25! ఆ తర్వాత వీశెలు పోయి కిలోలు వచ్చాయి. వ్యాపారానికి మేలే జరిగింది, కాదనను. కానీ చదువు లేని ఇల్లాలి నోటిలెక్క పాతబడి, కొట్టతను చెప్పిందే వేదమైంది. బడిలో చోటు దొరకని ఆడదానికి ఉన్న ఒక్క గణితమూ చెయ్యిజారింది. 2011లో పావలా నాణెమూ చెలామణీలోంచి పోయింది.

అందుకే అమ్మలారా, ఈ పండుగకు మీ పిల్లలకు మన ఊరి లెక్కలే ఇవ్వండి. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల దసరా వైభవం చూసి వచ్చాక, ఆ బంగారు అంగళ్ళ ఊరికి తగిన లెక్క: పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులమంటారు. అవ్వ ఇచ్చిన అయిదు పాత తులాలను యాభై గ్రాములే అని ఒప్పుకుంటే పోయేదెంత? 8.3 గ్రాములు! జమ్మలమడుగులో ఉంటే: ముప్పై ఓళిగలు, ఇంట్లో ఎనిమిదిమంది, తలా మూడు తిన్నాక ఇరుగుపొరుగుకు మిగిలేవెన్ని? పులివెందులలో ఉంటే: ఉగాది బట్టలకు నూటికి నెలకు రెండు వడ్డీన 5,000 తెస్తే, శెనక్కాయ పంట పోయి మళ్ళీ ఉగాదికిగాని తీర్చలేకపోతే వడ్డీ ఎంత? 1,200! ఈ లెక్క చేసిన బిడ్డ కొత్త బట్టల కోసం మారాం చెయ్యదు. చేసినా, అప్పు చెయ్యమనదు.

లెక్క అందరి పండుగలదీ కావాలి. ఉగాదినాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లిములూ వచ్చే జిల్లా మనది. రంజాను ఖర్జూరాలూ, క్రిస్మసు మిఠాయిలూ మన పిల్లల పలక మీదికి రావద్దా? కొత్త బట్టలు కొన్నవాళ్ళ లెక్కలే రాస్తే, కొనలేని బిడ్డ తల దించుకుంటుంది. పంచుకునే లెక్కలు రాయండి.

చివరగా ఒక్క మాట. పండుగ సరుకుల చీటీ మగపిల్లవాడి చేతికిచ్చి, ఆడపిల్లను పిండి పిసకమనకండి. చీటీ ఆమెకివ్వండి, చిల్లర ఆమెనే లెక్కించమనండి. ఆ అరవై అంకెకు మనం చెప్పగలిగిన జవాబు అదే.