బెజవాడ కొండకు హిమాలయం పేరు

విజయవాడ దగ్గర కృష్ణకు రెండు వైపులా కొండలే. ఉత్తరపు గట్టున ఇంద్రకీలాద్రి, అవతల సీతానగరం కొండ. పైన విశాలంగా పరుచుకుని వచ్చిన నది ఈ రెండింటి నడుమ ఒదిగి, దాటగానే డెల్టాలోకి విప్పారుతుంది. రెండూ తూర్పు కనుమల గుట్టలే. ఎత్తు తక్కువ, పేరు మాత్రం చాలా పెద్దది.

మహాభారతంలో పాశుపతాస్త్రం కోసం బయలుదేరిన అర్జునుడు హిమవంతాన్నీ గంధమాదనాన్నీ దాటాక ఇంద్రకీలం చేరతాడు. భారవి 'కిరాతార్జునీయం'లోనూ అర్జునుడి తపస్సు హిమాలయాల్లోనే. ఆ కొండ కృష్ణ ఒడ్డుకు ఎలా దిగింది? కీలుడనే యక్షుడు తపస్సు చేసి, కొండగా మారి, తన మీదే కొలువుండమని దుర్గమ్మను వేడుకున్నాడనీ, ఇంద్రుడు వచ్చి కొలవడంతో ఇంద్రకీలాద్రి అయిందనీ స్థలపురాణం చెబుతుంది.

పురాణం సరే, రాతి సాక్ష్యం కూడా ఉంది. బెజవాడలో కిరాతార్జున కథా ఘట్టాలు చెక్కిన ఒక స్తంభం దొరికింది. తొమ్మిది, పది శతాబ్దాల నాటిది. దాన్ని నిలిపినవాడు కలియమబోయి కొడుకు త్రికోటిబోయి. అర్జునుడికి ఇంద్రకీలానికి దారి చూపిన యక్షుడే తానై మళ్లీ పుట్టానని శాసనంలో చెప్పుకున్నాడు. ఎంత గుండె ధైర్యం! కొండ పేరు అప్పటికే జనం నమ్మకంలో పాతుకుపోకపోతే ఆ మాట చెక్కించగలిగేవాడా? తెలుగు పద్యచరిత్రకూ ఈ కొండ నీడలో చోటుంది. చాళుక్య యుద్ధమల్లుడు పదో శతాబ్దంలో మధ్యాక్కరల్లో వేయించిన శాసనం ఇక్కడిదే. అందులో ఊరి పేరు బెజవాడే.

రోజువారీ మాటల్లో మాత్రం ఇది దుర్గమ్మ కొండ. 'కొండ మీదికెళ్లొచ్చాం' అంటే చాలు, ఏ కొండని ఎవరూ అడగరు.

ఇంజినీర్లు ఈ కొండల మధ్య సందునే చూశారు. ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన ఆనకట్టను కెప్టెన్ ఓర్ 1852-55 మధ్య ఇక్కడే కట్టించాడు. నది ఒదిగే చోటు, పక్కనే రాయి, అంతకన్నా ఏం కావాలి? దాదాపు వందేళ్లు నిలిచిన ఆ కట్ట 1952లో తెగింది. 1957లో 1,223 మీటర్ల ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది. దాని ఎడమ గట్టున, దుర్గమ్మ కొండ పాదాల దగ్గరే, బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీళ్లు బయలుదేరి ఊరి మధ్య నుంచే పొలాలకు పోతాయి.