నేను తప్పుగా చదివిన మరణం

పదిహేనేళ్ల కిందట ఒక సాహిత్య సదస్సులో వీడియో గేమ్‌ల మీద పత్రం చదివాను. ఇక్కడ ఆటలేమిటని కొందరు మొహం చిట్లించారు గాని, నా వాదన మాత్రం చాలామందికి నచ్చింది. జపాను కంపెనీ సెగా తయారుచేసిన 'ఫాంటసీ స్టార్' అనే నాలుగు ఆటల వరస గురించిన పత్రమది. 1987లో ఆలిస్ అనే అమ్మాయి నాయికగా మొదలైన ఆ వరస, 1993 నాటి నాలుగో ఆటలో దాదాపు అదే పేరున్న స్త్రీని చంపి, ఆమె స్థానంలో ఒక కుర్రాణ్ణి నిలబెట్టిందని అన్నాను. ఆ ఆట చేసినవాళ్లలో ఒక్క స్త్రీ ఉన్నా ఈ చావు జరిగేది కాదని ముగించాను. చప్పట్లు కొట్టారు.

ఈ మధ్య ఆ నాలుగు ఆటలూ మళ్లీ ఆడాను. ఈసారి చివర్లో వచ్చే పేర్లు కూడా చదివాను. నా ముగింపు వాక్యం తప్పు.

ముందు ఆ అమ్మాయి గురించి చెప్పాలి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే, ఆడేవాళ్లు ఒక పాత్రగా మారి ఊళ్లు తిరుగుతూ, తోడు కూడగట్టుకుంటూ, పోరాడుతూ గంటలకొద్దీ నడిపే కథ. 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'లో వీరుడు రాకుమార్తెను విడిపిస్తాడు. 1987 డిసెంబరు 18న వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ'లోనూ మొదట చేయాల్సింది ఎత్తుకుపోయిన రాకుమార్తెను తీసుకురావడమే. వేరే తరహా ఆట 'మెట్రాయిడ్' (1986)లో వీరుడు స్త్రీ అని చివర్లో గాని తెలియదు. ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటిమీద బట్టలు అంత తగ్గుతాయి. అదీ గెలిచినవాళ్లకు బహుమతి!

'ఫైనల్ ఫాంటసీ' వచ్చిన రెండు రోజులకు ఆలిస్ లాండేల్ వచ్చింది. నిరంకుశుడు లాసిక్ మనుషులు ఆమె అన్న నీరోను చంపుతారు. ఆమె కత్తి పట్టి బయలుదేరుతుంది. దారిలో ఓడిన్ అనే యోధుడు రాయై పడి ఉంటాడు. మెడూసాను చంపబోయి అలా అయ్యాడు. అతణ్ణి మళ్లీ మనిషిని చేసేది ఆలిసే. రాయైన అహల్య రాముడి పాదం కోసం ఎదురుచూసిన కథ వింటూ పెరిగిన నాకు ఈ తలకిందులు ఎంత నచ్చిందో చెప్పలేను. చివర్లో ఆమె మునుపటి రాజు కూతురని తెలుస్తుంది. రాణివవుతావా అని అడుగుతారు. అవుననవచ్చు, కాదనవచ్చు. పెళ్లి మాట ఎవరూ ఎత్తరు.

ఈ ఆటకు బొమ్మల బాధ్యత రియెకో కొదామాది. 1984లో సెగాలో చేరిన చిత్రకారిణి ఆమె. కథ రాసినవాళ్లలో చియెకో అవోకి అనే మరో స్త్రీ ఉంది. ఆటలో మాత్రం కొదామా పేరు 'ఫీనిక్స్ రియె'. తమ పనివాళ్లను పోటీ కంపెనీలు ఎగరేసుకుపోకుండా ఆ రోజుల్లో జపాను గేమ్ కంపెనీలు మారుపేర్లు వేయించేవి. మగవాళ్ల పేర్లూ అలాగే దాచారు. కాని దాచిన ప్రతి పేరు వెనకా మగవాడే ఉంటాడని అనుకున్నది నేను.

1989 నాటి రెండో ఆటలో నాయకుడు రోల్ఫ్. అతను చేరదీసిన అమ్మాయి నేయ్ మధ్యలో చనిపోతుంది. జట్టులో మిగతా ఎవరు చనిపోయినా క్లోన్ ప్రయోగశాలలో మళ్లీ బతికించుకోవచ్చు, నేయ్‌ను తప్ప. 1990లో వచ్చిన మూడో ఆట మూడు తరాల కథ. నాయకుడు ఇద్దరిలో ఎవరిని పెళ్లాడితే ఆమె కొడుకు తర్వాతి నాయకుడు. స్త్రీలు వంశవృక్షంలో కొమ్మలయ్యారు. ఇంతవరకు నా పాత వాదన నిలుస్తుంది.

నాలుగో ఆట దగ్గరే అది కూలింది. ఆలిస్ బ్రాంగ్విన్ అనే వేటగత్తె, చాజ్ అనే కుర్రవాడికి పని నేర్పిన గురువు, మంత్రగాడు జియో దెబ్బకు మంచానపడి చనిపోతుంది. ఈ ఆటకు దర్శకురాలు రియెకో కొదామా. రెండో తప్పు ఇంకా సిగ్గుపడాల్సింది. జపనీస్‌లో ఆ వేటగత్తె పేరు ఆలిస్ కాదు, లైలా. 1995లో వచ్చిన ఇంగ్లీషు రూపంలోనే ఆమె ఆలిస్ అయింది. అనువాదంలో పుట్టిన పోలికను నేను మూలంలోని కుట్రగా చదివాను. ఫ్రెంచి సిద్ధాంతాల్ని, లాటిన్ అమెరికన్ నవలల్ని ఇంగ్లీషు మీదుగా చదువుకుని తీర్పులిచ్చే అలవాటు నా ఒక్కదానిదే కాదనుకుంటాను.

మళ్లీ ఆడినప్పుడు ఆ మరణం వేరుగా కనిపించింది. పోయింది ప్రియురాలు కాదు, చెల్లెలు కాదు, పని నేర్పిన మనిషి. ఒక మగపిల్లవాడు స్త్రీ దగ్గర విద్య నేర్చుకుని, ఆమె లేని లోటు పూడ్చలేక తడబడే కథలు మనకెన్ని ఉన్నాయి? అలాగని అన్నీ వెనక్కి తీసుకోను. అతను ఎదగడానికి ఆమె పోవాల్సిరావడం ఇప్పటికీ నొప్పిగానే ఉంది. రెండువేల ఏళ్ల కిందటి ఆలిస్ లాండేల్ ఈ ఆటలో తెర్మి అనే ఊళ్లో విగ్రహంగా మిగలడమూ అంతే.

మారింది నేను పెట్టిన షరతు. స్త్రీ చేసిందంటే అందులో స్త్రీ బతికే తీరాలన్నాను. 'ఆడదానివై ఉండి ఆ పాత్రను అలా ఎలా రాశావ్?' అనే ప్రశ్న మన రచయిత్రులు ఎన్నిసార్లు విని ఉంటారు! నేనూ అదే ప్రశ్నను స్త్రీవాదం పేరుతో వేశాను. అదీ, ఆ చేసింది ఎవరో చూడకుండా.

2018లో సెగా మొదటి ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ పనికి నిర్మాత కూడా కొదామాయే. 2022 మేలో ఆమె చనిపోయింది. బయటి ప్రపంచానికి ఆ సంగతి అక్టోబరులో గాని తెలియలేదు. 'మెగా డ్రైవ్ మినీ 2' అనే చిన్న యంత్రంలో, పనిచేసినవాళ్ల పేర్ల మధ్య, ఆమె స్మృతికి అంకితమిస్తూ రాసిన మాట చూసి అభిమానులు అడిగితే కంపెనీ అవునని చెప్పింది. అప్పుడూ ఆ పేర్లు ఓపిగ్గా చదివినవాళ్లే కనిపెట్టారు.

పాత పత్రంలో చివరి వాక్యం కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మొదటి పేజీలో ఆమె పేరు రాసుకున్నాను.