ప్రియాంక జవాల్కర్
తెలుగు సినీనటి. అనంతపురంలో స్థిరపడిన మరాఠీ కుటుంబంలో పుట్టారు. 2017లో ‘కల వరం ఆయే’తో తెరకు పరిచయమైనా, పేరు తెచ్చింది 2018 నవంబరులో విడుదలైన ‘టాక్సీవాలా’. రాహుల్ సాంకృత్యన్ దర్శకత్వంలో విజయ్ దేవరకొండ సరసన నటించారు.

2021 ఆమెకు కలిసొచ్చిన ఏడాది. ‘తిమ్మరుసు’, ‘ఎస్ఆర్ కల్యాణమండపం’ వారం తేడాతో వచ్చాయి. డిసెంబరులో సుజనారావు తీసిన ‘గమనం’లో జారా పాత్ర పోషించారు. తర్వాత ‘టిల్లు స్క్వేర్’ (2024)లో అతిథిగా కనిపించారు.

కరువు సీమగా, ఫ్యాక్షన్ కథల నేపథ్యంగానే తెలుగు తెర ఎక్కువగా చూపిన అనంతపురం నుంచి ఒక కథానాయిక రావడం అరుదు. అందుకే ఈ ప్రస్థానం నమోదు కావలసినది. తెలుగమ్మాయిలకు నాయిక పాత్రలు తక్కువగా దక్కుతున్న కాలంలో ఆమె నిలదొక్కుకున్నారు.