చవదార్ చెరువు ఎవరి సొత్తు?

మహారాష్ట్ర కొంకణంలో, సావిత్రి నది ఒడ్డున మహాడ్ అనే చిన్న పట్టణం ఉంది. ఊళ్లోనే చవదార్ చెరువు. చుట్టూ మున్సిపాలిటీ రోడ్లు, రోడ్ల వెంబడి సవర్ణుల ఇళ్లు. ఆ నీళ్లు ముస్లింలు తోడుకునేవారు, పశువులు తాగేవి. పనిమీద ఊళ్లోకొచ్చిన మహర్లకు మాత్రం, అంటరానివారన్న పేరుతో, ఎంత దాహమేసినా అటు పోయే వీలుండేది కాదు.

కాగితం మీద ఆ చెరువు అందరిదీ. ప్రజల సొమ్ముతో నడిచే బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు అంటరానివారికీ తెరిచి ఉండాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. ప్రతిపాదించినవారు ఎస్.కె. బోలే. మరుసటి ఏడాది మహాడ్ మున్సిపాలిటీ కూడా ఔనంది. అయినా మూడేళ్లపాటు ఆ గట్టు దిగే సాహసం ఎవరూ చేయలేదు. దిగితే ఏం జరుగుతుందో తీర్మానం చేసినవాళ్లకూ తెలుసు.

1927 మార్చి 19, 20 తేదీల్లో ఆర్.బి. మోరే తదితరులు అక్కడ సభ పెట్టారు. అధ్యక్షుడు అంబేడ్కర్. సభకొచ్చినవాళ్లు తాగడానికి సవర్ణుల దగ్గర 40 రూపాయలు పోసి నీళ్లు కొనాల్సి వచ్చింది. పక్కనే మున్సిపాలిటీ చెరువు నిండా నీళ్లున్నాయి! రెండో రోజు సభ ముగిశాక జనమంతా బజారు మీదుగా బారులు తీరి నడిచారు. అంబేడ్కర్ చెరువులోకి దిగి దోసిట నీళ్లు తీసుకుని తాగారు. వెనకున్నవాళ్లూ తాగారు. ఆ నీళ్లు తాగకపోతే ప్రాణం పోతుందని కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికే వచ్చామని ఆయన తర్వాత చెప్పారు.

కాసేపటికి ఊళ్లో పుకారు లేచింది: వీరేశ్వరుడి గుళ్లోకీ వస్తున్నారట! అంతే, కర్రలు లేచాయి. అన్నాల దగ్గరున్నవాళ్లనూ, ఇళ్లకు మళ్లినవాళ్లనూ వదల్లేదు. ఆ తర్వాత చెరువుకు శుద్ధి. పాలు, పెరుగు, పేడ, గోమూత్రం 108 కుండలతో మంత్రాలు చదువుతూ కలిపారు. ఆ నీళ్లు తాగడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆగస్టుకల్లా మున్సిపాలిటీ తన పాత తీర్మానాన్నీ రద్దు చేసుకుంది.

డిసెంబరులో మళ్లీ సత్యాగ్రహం అనగానే సవర్ణులు కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చారు. సభకు ఎవరూ చోటివ్వకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చారు. కోర్టు మాట మన్నించి అంబేడ్కర్ చెరువు జోలికి పోలేదు. 25న రాత్రి అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. తగలబెట్టాలన్న తీర్మానం పెట్టిన సహస్రబుద్ధే బ్రాహ్మణుడు. చరిత్రలో ఆ మంటకే పేరొచ్చింది గానీ, నాకు చెరువు మీద సవర్ణులు వేసిన దావా అంతకన్నా ఆసక్తిగా అనిపిస్తుంది.

సవర్ణుల వాదన రెండంచెలు. చెరువు మా సొంతం, మున్సిపాలిటీది కాదు. ఒకవేళ మున్సిపాలిటీదే అనుకున్నా, వీళ్లను రానివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారం. అంటే ఊరుమ్మడి ఆస్తి మీద కూడా అలవాటును అడ్డం పెట్టుకుని కొందరు పెత్తనం చేయొచ్చన్నమాట. ఇది తేలడానికి పదేళ్లు పట్టింది. చివరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు, ఆ ఆచారం అనాదిదని రుజువు కాలేదంటూ సవర్ణుల అప్పీలు కొట్టేసింది. తీర్పిచ్చిన న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్. 1922లో అహ్మదాబాద్‌లో గాంధీజీకి ఆరేళ్ల జైలు వేసినాయనే!

రాజ్యాంగం 15వ అధికరణం చదివితే రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వరసగా కనిపిస్తాయి. ప్రాథమిక హక్కుల మధ్య ఈ నీళ్ల రేవులేమిటని కొత్తగా చదివేవాళ్లకు అనిపించొచ్చు. మహాడ్ తెలిస్తే అనిపించదు.

మనకూ దూరపు సంగతేం కాదు. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గరే. అక్కడ అగ్రకులస్థులు గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు కడుగుతుంటే ఇదేమిటని మాదిగలు అడిగారు. మర్నాడు, జూలై 17న, అగ్రకులస్థులు మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. అప్పటికి ఆ అధికరణం అమల్లోకి వచ్చి 35 ఏళ్లు. ప్రాణాలు దక్కించుకుని చీరాల చేరినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ ఊరికి కాపురానికి వెళ్లలేదు.