ఆ పెద్దావిడ ఎందుకు వెళ్లిపోలేదు?

"ముప్పు ఉందని తెలిసీ యూదులు జర్మనీ వదిలి ఎందుకు పోలేదన్నా?" పోయిన ఎపిసోడ్ విని మా సైట్‌లో ఒక తమ్ముడు అడిగాడు. జవాబుగా ఈసారి మార్తా లీబర్‌మన్ గురించి చెబుతాను.

ఈమె 1857లో బెర్లిన్‌లో పుట్టింది. భర్త మాక్స్ లీబర్‌మన్ పేరున్న చిత్రకారుడు, ప్రష్యన్ కళా అకాడమీకి అధ్యక్షుడిగా చేసినవాడు. వాళ్ల ఇల్లు బ్రాండెన్‌బర్గ్ గేటు పక్కనే. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక ఆయన అకాడమీ వదిలేశారు. 1935లో చనిపోయారు.

1938లో ఒక్కగానొక్క కూతురు భర్తతో అమెరికా వెళ్లిపోయింది. మార్తా ఉండిపోయింది. పుట్టిన ఊరు, భర్త సమాధి ఉన్న ఊరు. ఎనభై దాటాక కొత్త దేశం, కొత్త భాష అంటే మాటలా? మా అమ్మ ఊళ్లో ఇల్లు వదిలి హైదరాబాద్‌కే రానంటుంది.

పోదామన్నా తేలిక కాదు. దేశం వదిలే యూదుల ఆస్తిలో నాలుగో వంతు పన్ను కింద గుంజేవాళ్లు. మిగిలిన డబ్బు బయటికి తీసుకెళ్లాలన్నా చాలా భాగం పోయేది. 1940లో సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల ఇంకో ఇంటిని ఆమెతో బలవంతంగా అమ్మించారు.

చివరికి మార్తా వెళ్లడానికే సిద్ధపడింది. స్వీడన్, స్విట్జర్లాండ్‌లోని మిత్రులు ఆమెను బయటికి తేవాలని చాలా ప్రయత్నించారు. అధికారులు పెద్ద మొత్తం అడిగారు. 1941 అక్టోబరులో యూదులు దేశం దాటడాన్నే నిషేధించారు.

పోవడానికి కాగితం ఇంకొకరి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్న మనకు కొంత తెలుసు. అయినా మన కష్టాన్ని దానితో పోల్చను. అక్కడ కాగితం ఆపినవాళ్లే చంపడానికి రైళ్లు సిద్ధం చేశారు.

1943 మార్చిలో ఆమెను టెరేజిన్‌ష్టాట్ శిబిరానికి పంపడానికి పోలీసులు వచ్చారు. వయసు 85. వాళ్లతో వెళ్లడం కన్నా ప్రాణం తీసుకోవడమే మేలనుకుంది. మార్చి 10న యూదుల ఆసుపత్రిలో చనిపోయింది.

తమ్ముడూ, ఆమెకు తెలియక కాదు. దారి ఉన్నప్పుడు కాళ్లు కదల్లేదు. కదిలేసరికి దారి మూసేశారు. తప్పు ఆమెది కాదు, మూసినవాళ్లది.

యుద్ధం అయ్యాక, 1954లో, ఆమెను తీసుకొచ్చి భర్త పక్కన సమాధి చేశారు.